సుహైలి ఎవరి పడవ?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డుకు లాగి నిలబెట్టిన ఓ పాత కొయ్య బోటు. దాని పక్కన ఒక ముసలి మేస్త్రీ చిన్న సుత్తితో పలకల మీద కొట్టుకుంటూ వెళ్తున్నాడు. టక్, టక్, టక్. ఒకచోట మాత్రం ‘బద్’మంది. అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టి ముందుకు కదిలాడు. కొయ్య గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, లోపల పుచ్చితే గొంతు పోతుంది. ఆయన చేతిపని కాస్త ఆగేదాకా నిలబడి, “ఇది ఎప్పటి బోటు మేస్త్రీ గారూ?” అని అడిగాను.

ఆయన నావైపు చూడకుండానే, “ఏ పలక సంగతి అడుగుతున్నారు బాబూ?” అన్నాడు.

జోకు అనుకుని నవ్వేశాను. ఇంటికొచ్చాక అది జోకు కాదనిపించింది. ఎందుకంటే ఆ రోజుల్లో నేను ఒక్క మనిషితో ఎక్కడా ఆగకుండా భూమి చుట్టొచ్చిన సుహైలి అనే ఒక కొయ్య యాట్ చరిత్ర చదువుతూ సరిగ్గా అక్కడే ఇరుక్కుపోయి ఉన్నాను. సుహైలిది నార్వే వంశం అంటారు. అమెరికన్ డిజైన్ అంటారు. బొంబాయిలో పుట్టిందంటారు. బ్రిటిష్ యాట్ అంటారు. పేరేమో అరబ్బీ. విచిత్రమేమిటంటే ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఇంటికైతే దస్తావేజు ఉంటుంది, కారుకైతే ఛాసిస్ నంబరు ఉంటుంది. కొయ్య పడవకు ‘ఇదే నేను’ అని చూపించుకోవడానికి ఏముంటుంది?

ముందు యాట్ అనే మాట సంగతి చూద్దాం. యాట్ అనగానే మనకు సినిమాలో విలన్ పార్టీ ఇచ్చే తెల్లటి మేడలాంటి ఓడ గుర్తొస్తుంది. అసలు ఆ మాట డచ్చివాళ్లది. వాళ్ల భాషలో దానికి అర్థం వేట. దొంగ ఓడల్ని తరమడానికి కట్టుకున్న తేలికైన, వేగమైన తెరచాప పడవలకు ఆ పేరు పడింది. తర్వాత రాజులు, షావుకార్లు సరదాకి వాడుకోవడంతో అది విలాసం అయిపోయింది. మన జాలరి కూడా సముద్రం మీదికి పోతే ‘వేటకెళ్లాడు’ అనే అంటాం. భీమిలిలో డచ్చి సమాధుల మధ్య నడిచినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. ఒకే తీరంలో ఇద్దరూ వేట అనే మాటనే పట్టుకు తిరిగారు. ఒకరిది బతుకుతెరువుగానే మిగిలింది, ఇంకొకరిది షోకు అయింది.

సుహైలి మాత్రం షోకు పడవ కాదు. పొడవు 32 అడుగులు. తెరచాప కొయ్యలు రెండు. ముందూ వెనకా రెండువైపులా కోసుగా ఉంటుంది, చూడ్డానికి బొద్దుగా కనిపిస్తుంది. ఈ రూపం నార్వే నుంచి వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో అక్కడి ఉత్తర సముద్రంలో తుఫానుల్లో చిక్కుకున్న జాలర్లను కాపాడటానికి కాలిన్ ఆర్చర్ అనే ఆయన ఇలాంటి పడవల్ని గీశాడు. వెనకనుంచి వచ్చే కెరటాన్ని చదునైన వెనుకభాగం అడ్డుకుంటుంది, కోసుగా ఉంటే చీల్చి పక్కలకు పంపేస్తుంది. మన తీరంలో అలల మీద పడవ నడిపినవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. 1920ల్లో విలియం ఆట్కిన్ అనే అమెరికన్ ఆ రూపాన్నే చిన్నది చేసి ‘ఎరిక్’ అనే డిజైన్ తయారుచేశాడు.

ఆ ఎరిక్ బొంబాయికి చేరడం వెనక ఒక పొరపాటు ఉంది. 1960ల మొదట్లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే కుర్ర ఆఫీసరు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీలో పనిచేస్తూ బొంబాయికీ గల్ఫ్ రేవులకూ మధ్య తిరిగేవాడు. ఈ కంపెనీ పేరు మనకు కొత్త కాదు. ఉత్తరాంధ్ర నుంచి ‘రంగం’ వెళ్లిన పెద్దలు ఎక్కినవి ఎక్కువగా ఆ కంపెనీ స్టీమర్లే. భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో ఆగి జనాన్ని రంగూన్ చేర్చేవి. సరే, రాబిన్, అతని తోటి ఆఫీసర్లు కలిసి సొంతంగా ఒక యాట్ కట్టించుకుని అందులోనే ఇంగ్లండ్ వెళ్లిపోదామనుకున్నారు. ఇంగ్లండ్‌లోని ఒక సంస్థకు డబ్బు కట్టి ప్లాన్లు తెప్పించుకున్నారు. వాళ్లు అడిగింది ఒకటి, కవర్లో వచ్చింది ఇంకొకటి, ఈ పాత ఎరిక్. తిప్పి పంపి కొత్తవి తెప్పించుకునే ఓపిక లేక, వచ్చినదాంతోనే సరిపెట్టుకున్నారు. చరిత్ర సృష్టించిన పడవ ఎంపిక జరిగిన తీరు ఇది!

1963లో పని మొదలైంది. కొయ్య మొత్తం మన దేశపు టేకు. వడ్రంగులు బొంబాయి వాళ్లు. కరెంటు పనిముట్లు కావు, బాడిసతో చెక్కారు, తాడుతో తిప్పే బరమాతో బెజ్జాలు వేశారు. టేకు పలకకు బాడిస పని చేసేటప్పుడు చూశారా? తీసిన పెచ్చు పలచగా ఉంటుంది, నూనె వాసన వస్తుంది. ఆ నూనే టేకుకు ప్రాణం. నీళ్లలో ఏళ్ల తరబడి ఉన్నా తొందరగా కుళ్లదు, చెదపురుగు దరిచేరదు. 1964లో పడవను నీళ్లలోకి దించినప్పుడు షాంపేన్ సీసా పగలగొట్టలేదు. ముక్కు మీద కొబ్బరికాయ కొట్టారు. గల్ఫ్ నావికులు ఆగ్నేయం నుంచి వీచే గాలిని సుహైలి అంటారు, ఆ పేరే పెట్టారు.

ఇక యజమానుల లెక్క. చాలామంది ‘సుహైలికి ఒక్కడే ఓనరు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మొదట్లో అలా లేదు. కలిసి మొదలుపెట్టినవాళ్లు ఒక్కొక్కరే తప్పుకోవడంతో భారమంతా రాబిన్ నెత్తిన పడింది. 1965 చివర్లో బొంబాయి వదిలేటప్పుడు పడవలో ఉన్నది రాబిన్, అతని తమ్ముడు క్రిస్, ఇంకో మిత్రుడు. మస్కట్ మీదుగా ఆఫ్రికా తీరం పట్టుకుని డర్బన్ చేరేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. అక్కడే ఆగి ఉద్యోగాలు చేసుకుని, సంపాదించి మళ్లీ బయల్దేరి, కేప్‌టౌన్ నుంచి ఏకబిగిన 74 రోజులు నడిపి 1967లో లండన్ చేరారు.

ఇక్కడ కొంచెం చట్టం గురించి చెప్పాలి. పడవల యాజమాన్యం ఎందుకు చిక్కుముడిలా ఉంటుందో అప్పుడే అర్థమవుతుంది. బ్రిటిష్ రిజిస్ట్రీలో ఒక ఓడ అంటే 64 వాటాలు. ఒకరికి 32, ఇంకొకరికి 16, ఇలా పంచుకోవచ్చు. మన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం దాన్ని 10 వాటాలు చేసింది. సముద్రం మీద ఎప్పుడేమవుతుందో తెలియదు కాబట్టి మొత్తం సొమ్ము ఒకే ఓడలో పెట్టడం పిచ్చితనం అని పాతకాలపు వర్తకులకు బాగా తెలుసు. అందుకే పాత యాట్‌ల రికార్డుల్లో ‘ఓనరు’ దగ్గర ఒక్క పేరు కనిపిస్తే సంబరపడకూడదు, మిగతా వాటాలు ఎక్కడున్నాయో వెతకాలి.

మన హార్బర్‌లోనూ వాటాలున్నాయి. వేట ముగిశాక డీజిలు, ఐసు ఖర్చులు తీసేసి మిగిలిన డబ్బు పంచుకునేటప్పుడు మనుషులకే కాదు, బోటుకూ వలకూ కూడా వాటా ఉంటుంది. నిజానికది ఓనరు జేబులోకే వెళ్తుందనుకోండి. కానీ మాట చూడండి, ‘బోటు వాటా’. బోటు కూడా కూలి చేసింది, దానికీ తిండి పెట్టాలి అన్నట్టు. పలక మార్చడానికీ, రంగు వేయడానికీ ఆ డబ్బులోంచే తీయాలి. ఆ వాటా తిని ఊరుకున్న ఓనరు బోటు ఎలా ఉంటుందో మేస్త్రీ సుత్తి చెప్పేస్తుంది. నా మట్టుకు 64 వాటాల కంటే ఈ ఒక్క వాటాలోనే ఎక్కువ నిజం కనిపిస్తుంది.

లండన్ చేరాక రాబిన్ ఏం చేశాడో తెలుసా? సుహైలిని అమ్మకానికి పెట్టాడు. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టి రావాలని అప్పటికి అతని బుర్రలో పడింది. దానికి పెద్ద ఉక్కు యాట్ ఒకటి డిజైన్ చేయించుకున్నాడు, డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు. గత్యంతరం లేక బొద్దు పడవే గతి అయింది. అలాంటి యాత్రకే సండే టైమ్స్ పత్రిక ప్రకటించిన గోల్డెన్ గ్లోబ్ పందెంలో 1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్‌మత్ రేవు నుంచి బయల్దేరాడు. పాల్గొన్న తొమ్మిది మందిలో అతని పడవ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు పెద్దగా లేరు.

కేప్ వెర్డే దీవులు దాటాక పడవలోకి నీళ్లు రావడం మొదలైంది. ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగుదాం. నా ఉద్దేశంలో సుహైలి చరిత్ర మొత్తం ఇక్కడే ఉంది. కొయ్య పడవలో పలకకూ పలకకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. అందులో నూలు దట్టించి, పైన లప్పం లాంటిది పూస్తారు. నీళ్లలో దిగాక కొయ్య ఉబ్బి ఆ నూలును బిగించి పట్టుకుంటుంది. సుహైలి అడుగున, రెండు వైపులా, దాదాపు 8 అడుగుల పొడవున ఆ నూలు వదులైంది. పలక కదిలినప్పుడల్లా సందు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఒడ్డు దగ్గరలో లేదు. రాబిన్ ముదురు రంగు చొక్కా, జీన్సు వేసుకుని దూకాడు, తెల్లటి ఒళ్లు సొరచేపల కంట పడకూడదని. ఊపిరి బిగబట్టి, సుత్తితో నూలు దట్టించబోతే నిలవలేదు. పైకొచ్చి ఇంకో ఉపాయం చేశాడు. పొడవాటి కాన్వాసు గుడ్డ పట్టీ మీద నూలును కుట్టి, తారు పట్టించి, రాగి చీలలతో సందు మీద బిగించాడు. ఆ గుడ్డ చిరిగిపోకుండా దానిపైన రాగి రేకు పట్టీ వేశాడు. రేడియో బిగించిన మెకానిక్కులు వదిలేసి వెళ్లిన రేకు అది! మధ్యలో సొరచేప చుట్టూ తిరిగితే పైకెక్కి తుపాకీతో కాల్చి, మళ్లీ దిగి పని కొనసాగించాడు.

తర్వాత కష్టాలు వరుసగా వచ్చాయి. దక్షిణ సముద్రంలో కెరటం పడవను పక్కకు పడేసింది, కేబిన్ కదిలిపోయింది. తాగే నీళ్లు పాడయ్యాయి. రేడియో మూగబోయింది. తనంతట తాను దారి పట్టించే పరికరం ఆస్ట్రేలియా దగ్గర విరిగిపోయింది. నెలల తరబడి కబురు లేక జనం ఆశ వదులుకుంటున్న సమయంలో, 1969 ఏప్రిల్‌లో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర ఒక ట్యాంకరు అతన్ని చూసింది. ఏప్రిల్ 22న ఫాల్‌మత్ చేరాడు. మొత్తం 312 రోజులు. సగటు వేగం నాలుగు నాట్లు, అంటే గంటకు దాదాపు ఏడున్నర కిలోమీటర్లు, మనం బీచ్ రోడ్డు మీద బాగా వడిగా నడిచినంత. ఎదురొచ్చిన కస్టమ్స్ వాళ్లు మామూలుగా అడిగే ప్రశ్నే అడిగారు: “ఎక్కడి నుంచి వస్తున్నారు?” అతను చెప్పిన జవాబు: “ఫాల్‌మత్ నుంచి.”

తొమ్మిది పడవల్లో తిరిగొచ్చి పందెం పూర్తిచేసింది ఇదొక్కటే. పందెంలో ప్రాణం పోగొట్టుకున్న డొనాల్డ్ క్రోహర్స్ట్ కుటుంబానికి రాబిన్ తనకొచ్చిన 5,000 పౌండ్ల బహుమతి ఇచ్చేశాడు. అమ్ముడుపోని పడవ ఇప్పుడు అమ్మలేని పడవ అయింది. అదే పడవలో 1989లో సూర్యుడి, నక్షత్రాల ఎత్తు చూసి దారి లెక్కకట్టే పాతకాలపు ఆస్ట్రోలేబ్ పట్టుకుని కొలంబస్ దారిలో అట్లాంటిక్ దాటాడు. 1991లో పర్వతారోహకుడు క్రిస్ బోనింగ్టన్‌తో గ్రీన్‌లాండ్ వెళ్లాడు.

1997లో సుహైలిని గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో పెట్టారు. కొయ్య పడవకు ఇంతకంటే గౌరవం ఏముంటుంది అనుకుంటాం. కానీ అక్కడే దాని ప్రాణం మీదికొచ్చింది. అద్దాల కప్పు కింద, తేమ పెరగకుండా కాపాడే పొడి గాలిలో పలకలు ఎండి కుంచించుకుపోవడం మొదలుపెట్టాయి. పల్లెలో ఎండాకాలం బండి చక్రం ఎండి ఇనప పట్టా వదులైతే చెరువులో నానబెట్టేవారు, గుర్తుందా? అదే సంగతి. సుహైలికి ఆ చెరువు లేకుండా పోయింది. పొడిబారి చచ్చిపోవడం చూడలేక రాబిన్ 2002లో దాన్ని మ్యూజియం నుంచి తీసుకెళ్లిపోయాడు.

అదే 2002లో మన ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం తెరిచారు. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన ఉక్కు నౌక, ఇసుక మీదికి లాక్కొచ్చి నిలబెట్టారు. దానికి ఒడ్డే మేలు. ఉక్కును ఉప్పునీళ్లు తింటాయి, బయట ఉంటే రంగు వేసి కాపాడుకోవచ్చు. బీచ్ ఉప్పు గాలి ఎలాగూ వదలదు, అది వేరే బాధ. కొయ్య లెక్క తిరగేసి ఉంటుంది. నీళ్లలోంచి తీస్తే పోతుంది. పాత యాట్‌లు కొన్నవాళ్లు ఎందుకు అప్పులపాలవుతారో ఇక్కడ తెలుస్తుంది. కొయ్య పడవను షెడ్డులో దాచుకోవడం కుదరదు, వాడుతూనే ఉండాలి, వాడితే అరుగుతుంది, అరిగితే మార్చాలి.

బయటికి తెచ్చాక సుహైలికి ఏళ్లపాటు మరమ్మతులు జరిగాయి. పలకల్ని పట్టి ఉంచే పాత ఇనప మేకులు తుప్పు పట్టాయి, వాటిని పీకి కంచువి బిగించారు. మరి మేకులు మారాక, నూలు మారాక, తెరచాపలు మారాక, అది ఆ పడవేనా? తత్త్వవేత్తలకు ఇష్టమైన ప్రశ్న. గుడిలో ధ్వజస్తంభం పుచ్చితే ఊరంతా కలిసి కొత్త మాను తెచ్చి ప్రతిష్ఠ చేస్తారు, గుడి మారిపోయిందని ఎవరూ అనరు. పాత యాట్‌ల విషయంలో నిపుణులు అనుసరించే పద్ధతి కూడా దాదాపు ఇదే. ఒక్కసారే మొత్తం విప్పేసి కొత్తది కట్టి పాత పేరు పెడితే అది నకలు. పుచ్చినది పుచ్చినట్టు, ఒక్కో ముక్కా మార్చుకుంటూ, రూపం చెడకుండా తెస్తే అది అసలు. అందుకే మంచి యాట్ చరిత్రలో ఓనర్ల పట్టిక కంటే మరమ్మతుల బిల్లులు విలువైనవి. ఏ ఏడు ఏ పలక, ఎవరి యార్డు, ఏ కొయ్య, అన్నీ వాటిలో ఉంటాయి.

నకలు అంటే తక్కువ అని కాదు. గోల్డెన్ గ్లోబ్ జరిగిన 50 ఏళ్లకు, 2018లో, పాత పద్ధతిలోనే మళ్లీ పందెం పెట్టినప్పుడు మన నేవీ కమాండర్ అభిలాష్ టామీ సుహైలి రూపంలోనే గోవాలో కట్టిన ‘తురీయ’లో బయల్దేరాడు. సెప్టెంబరులో హిందూ మహాసముద్రం తుఫానులో అది తలకిందులైంది, తెరచాప కొయ్య విరిగింది, అతని వెన్నెముక దెబ్బతింది. మూడు రోజుల తర్వాత ఒక ఫ్రెంచ్ నౌక అతన్ని కాపాడింది, తురీయను సముద్రంలోనే వదిలేయాల్సి వచ్చింది. అదే ఏడు జూన్ 14న ఫాల్‌మత్‌లో జరిగిన వేడుకలో అసలు సుహైలి తెరచాపలెత్తి తిరిగింది. నాలుగేళ్ల తర్వాతి పందెంలో అభిలాష్ మరో పడవతో వెళ్లి రెండో స్థానంలో నిలిచాడు.

సుహైలికి గోవాతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. భారత నేవీ తన తొలి ఒంటరి భూప్రదక్షిణకు సిద్ధమవుతున్నప్పుడు కమాండర్ దిలీప్ దొందే వెళ్లి పాఠాలు నేర్చుకున్నది రాబిన్ దగ్గరే. ఆయన నడిపిన మాదేయి గోవాలో రత్నాకర్ దండేకర్ యార్డులో తయారైంది. 2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ జరిగినప్పుడు అది ఇక్కడికి వచ్చింది, బీచ్‌లో జనం ఉక్కు యుద్ధనౌకల్ని చూస్తూ ఈ చిన్న తెరచాప పడవను పట్టించుకోలేదు. దాని చెల్లెలు తారిణి. లోపల కొయ్య, పైన ఫైబర్. మన పొరుగున గంజాం జిల్లాలో, ఋషికుల్య ఒడ్డు కొండ మీదున్న తారా తారిణి అమ్మవారి పేరు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా ఆఫీసర్లు అందులో భూమిని చుట్టడానికి బయల్దేరారు. వాళ్లలో లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి విశాఖ అమ్మాయి. 2018 మే 21న, 254 రోజుల తర్వాత తిరిగొచ్చారు. మధ్యలో రేవుల్లో ఆగారు కాబట్టి దీన్ని సుహైలి యాత్రతో పోల్చడం సరికాదు. కానీ ఆ దారి అదే, ఆ దక్షిణ సముద్రం అదే.

ఇదంతా మనసులో పెట్టుకుని మళ్లీ ఓ రోజు హార్బర్‌కు వెళ్లాను. సుద్దతో సున్నా చుట్టిన పలక తీసేసి ఉంది. ఆ ఖాళీలోంచి బోటు లోపలి వంపు దుంగలు పక్కటెముకల్లా కనిపిస్తున్నాయి. పక్కన కొత్త పలక, ఇంకా చిత్రిక పట్టలేదు. మేస్త్రీకి సుహైలి కథ చెప్పాను. సొరచేప దగ్గర ఆయనకు ఆసక్తి కలగలేదు. నీళ్లలో మునిగి నూలు దట్టాడన్నప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

“ఎండలో పెట్టి దట్టిందే నిలవదు. నీటిలోనా?”

“నిలవలేదు. అందుకే గుడ్డ కుట్టి, రేకు కొట్టాడు.”

“ఆఁ, రేకంటే సరే.” కాసేపు ఆగి అడిగాడు. “మేకులు ఇనపవేనా వేశారు ముందర?”

“ఇనపవే. తర్వాత తుప్పు పడితే కంచువి మార్పించారు.”

“టేకు తెచ్చినోడు మేకుల కాడ కక్కుర్తి పడ్డాడు.” మా తాతల కాలంలో అయితే మేకులే ఉండేవి కావు, కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టేసేవాళ్లం అన్నాడు. అలకి పడవ ఇసకని గుద్దుకుంటే మేకు పట్టిన చోట పలక చిట్లుతుందట, కుట్టు అయితే ఒంగి ఊరుకుంటుందట. తెల్లదొరలు మసూలా పడవ అని రాసుకున్నది దాని గురించే. “ఇంతకీ ఎన్నేళ్లయింది దానికి?”

“కట్టి అరవై ఏళ్లు దాటింది.”

ఆయన కొత్త పలక మీద అరచేత్తో ఒకసారి రాసి చూసుకుని, చిత్రిక అందుకున్నాడు.

“కింద దూలం మార్చలేదు కదా? అయితే ఆ పడవే.”